ఇంగ్లీషు ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు మీరే వెతుక్కోవడం ఎలా? కాటన్ దొర పేరుతో చేసి చూద్దాం

"మా మేనేజరు ఇంటిపేరు వాకర్ అండీ, వాళ్ల తాతలు బాగా నడిచేవాళ్లా?" "మా పాప టీచరు పేరు చివర ఫార్మర్ అని ఉంది, రైతు కుటుంబమేనా?" ఇలాంటివి వారానికి ఒకటైనా వస్తుంటాయి నాకు. అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న మాత్రం మన కాటన్ దొర గురించే. ధవళేశ్వరం చూసొచ్చినవాళ్లలో సగం మంది అడుగుతారు, కాటన్ అంటే పత్తి కదా, వాళ్లు పూర్వం పత్తి వ్యాపారులా అని.

కాదు. ఎందుకు కాదో కింద వస్తుంది. ఒక్కో పేరుకి జవాబు చెప్పుకుంటూ పోతే రేపు ఇంకో పేరు పట్టుకొస్తారు కాబట్టి వెతికే పద్ధతే రాసేస్తున్నాను, ఏ పేరుకైనా మీరే చేసుకోవచ్చు.

నేనేదో పండితుణ్ణి అనుకోకండి, పప్పులో కాలేసి నేర్చుకున్నవాణ్ణే. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లి భోజనాల్లో, కాటన్ దొర పూర్వీకులు పత్తి వ్యాపారంలో బాగా గడించారని, అందుకే ఆ పేరని, పదిమందిలో చాలా ధీమాగా చెప్పాను. పక్క విస్తరి దగ్గర ఒక రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు ఉన్నారు. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, తలెత్తకుండానే, "ఇంగ్లండులో పత్తి ఎక్కడ పండుతుందయ్యా?" అన్నారు. ఆ తర్వాత నాకు అప్పడం కూడా దిగలేదు.

కావలసినవి

- ఆ పేరు ఇంగ్లీషు స్పెల్లింగు, ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా.
- ఆ ఇంటిపేరున్న ఒక్క మనిషి వివరం: ఎప్పుడు, ఏ ఊళ్లో, ఏ దేశంలో పుట్టాడు. ఉత్త కుతూహలానికే అయితే ఇది లేకపోయినా పని నడుస్తుంది.
- నెట్ ఉన్న ఫోనో కంప్యూటరో. కంప్యూటరైతే మేలు, మ్యాపులు ఫోన్లో చూడటం కళ్లకి శిక్ష.
- ఒక నోటుబుక్కు. పేజీని నాలుగు గడులు చేయండి: ఏడాది, స్పెల్లింగు, ఊరు, ఎలా తెలిసింది. నాలుగో గడి చాలా ముఖ్యం.
- పెన్సిలు. పెన్ను వద్దు, కొట్టివేతలు చాలా ఉంటాయి.

మొదట్లో డబ్బు కట్టాల్సిన సైట్లేవీ అక్కర్లేదు. మామూలు పేరైతే ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

మొదలుపెట్టే ముందు తెలియాల్సింది కొంచెమే. ఇంగ్లండులో ఇంటిపేర్లు 1066లో నార్మన్లు వచ్చాక మెల్లగా అలవాటై, 1400 నాటికి చాలా కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుక్కి దిగడం మొదలైంది. అవి నాలుగు రకాలు: ఊరి పేరు, వృత్తి, తండ్రి పేరు, ఎగతాళి పేరు లేదా ముద్దుపేరు. మనకిది కొత్తేం కాదు. మన ఇంటిపేర్లలో -పాటి, -పూడి, -పల్లి ఎన్ని లేవు, వాళ్లకీ అలాగే -టన్, -హ్యామ్, -లీ, -బీ ఉన్నాయి. తేడా ఏమిటంటే మనం ముందు పెట్టుకుంటాం, వాళ్లు వెనక పెట్టుకుంటారు. గోత్రం లాంటిది మాత్రం వాళ్లకి లేదు, కాబట్టి ఇంటిపేరు ఒకటైతే వంశం ఒకటేనన్న లెక్క వేయకండి.

1. స్పెల్లింగు ఖాయం చేసుకోండి

మనవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే, ఎందుకంటే మనం చెవితో విని తెలుగులో రాసుకుంటాం. 'రీడ్' అని విన్నారనుకోండి. అది ఆర్-ఈ-ఈ-డి కావచ్చు, ఆర్-ఈ-ఏ-డి కావచ్చు, ఆర్-ఈ-ఐ-డి కావచ్చు. ఈ పేరుకి అదృష్టం బాగుండి మూడూ చాలావరకు ఎర్ర జుట్టు, ఎర్ర ఛాయ అన్న మూలానికే వెళ్తాయి. అన్ని పేర్లకీ ఇలా కలిసిరాదు.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది, రాత ఒకటి పలుకుబడి ఒకటి. ఒంగోలు వైపు 'క్లౌ దొర' అంటారే, 1878లో ఒక్క రోజులో రెండు వేల మందికి పైగా బాప్తిస్మం జరిగిన మిషన్ నడిపిన అమెరికన్, ఆయన ఇంటిపేరు సి-ఎల్-ఓ-యు-జి-హెచ్. ఇంగ్లండు ఉత్తరాన ఇదే పేరుని 'క్లఫ్' అని పలుకుతారు. అర్థం నిటారు గట్ల మధ్య ఇరుకు లోయ. 'క్లౌ' అని విని సి-ఎల్-ఓ-డబ్ల్యూ అని కొట్టి వెతికితే రోజంతా పోతుంది. ఇంకా ఘోరమైనవీ ఉన్నాయి, పన్నెండు అక్షరాలు రాసి 'చమ్లీ' అని పలికే ఇంటిపేరు కూడా ఉంది వాళ్లకి.

అందుకని విన్నది కాదు, రాసి ఉన్నది చూడండి. సమాధి రాయి, పాత ఉత్తరం, పుస్తకం అట్ట, ఆఫీసు ఈమెయిలు, ఏదైనా సరే.

కాటన్ విషయానికొస్తే సి-ఓ-టి-టి-ఓ-ఎన్. పాత రికార్డుల్లో ఒక 'టి'తోనూ, చివర్లో 'ఓ' బదులు 'ఈ'తోనూ కనిపిస్తుంది. రాసే గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు, అంతే. ఒకే మనిషి పేరు మూడు రికార్డుల్లో మూడు రకాలుగా ఉన్నా ఆశ్చర్యం లేదు. వాటన్నిటినీ నోటుబుక్కులో రాసుకోండి.

స్పెల్లింగు ఎటూ తేలకపోతే: వంశవృక్షాల సైట్లలో సౌండెక్స్ అనే వెతుకులాట ఉంటుంది, పేరుని శబ్దాన్ని బట్టి ఒక కోడ్‌గా మారుస్తుంది. మొదటి అక్షరం అలాగే ఉంచి, అచ్చులు తీసేసి, మిగతా హల్లులకి అంకెలు వేస్తుంది. కాటన్‌కి సి350 వస్తుంది. 'ఎం'కీ 'ఎన్'కీ ఒకే అంకె కాబట్టి కాటమ్‌కి కూడా సి350నే, రెండూ ఒకేసారి దొరుకుతాయి. కానీ మొదటి అక్షరం 'కె' అయితే కోడ్ కె350 అయిపోతుంది, ఆ పేర్లు మీకు కనబడవు. కాబట్టి మొదటి అక్షరం మార్చి ఇంకోసారి వెతకండి.

2. అది ఇంగ్లీషు పేరేనా అని అడగండి

మనకి తెల్లదొర అంటే ఇంగ్లీషువాడే. మన చరిత్రలో దొరలు ఆ లెక్కన చాలామంది ఇంగ్లీషువాళ్లు కారు. మన్రో స్కాటిష్ పేరు. ఊళ్ల కైఫీయతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ స్కాట్లండ్ దీవుల్లో పుట్టినవాడు, ఆ పేరుకి గేలిక్ భాషలో 'ఫలానావాడి కొడుకు' అని అర్థం. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంప్‌బెల్ ఇంటిపేరు కూడా గేలిక్కే, 'వంకర నోరు' అని. ఎవడో పూర్వీకుడికి తగిలించిన పేరు అయ్యుండాలి. దాన్ని లాటిన్‌లో 'అందమైన మైదానం' అని చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. వంకర నోటి కన్నా అందమైన మైదానం ఎవరికైనా నచ్చుతుంది కదా, అందుకే తియ్యగా ఉన్న అర్థం దొరికినప్పుడల్లా కాస్త అనుమానించండి.

మొదట్లో 'మాక్', 'ఓ' ఉంటే స్కాట్లండో ఐర్లండో. జోన్స్, ఎవాన్స్, ప్రైస్ లాంటివి ఎక్కువగా వేల్స్. ఇంగ్లీషు నిఘంటువు పట్టుకుని గేలిక్ పేరుకి అర్థం వెతికితే ఏదో ఒక అర్థం దొరికే తీరుతుంది, అదే ప్రమాదం.

3. మీ ఊహని పెన్సిలుతో రాయండి

నాలుగు రకాల్లో ఇది ఏ రకమో మీకు తోచింది రాసుకోండి, తప్పయినా పర్లేదు. తర్వాత కొట్టేయడానికే ఇది. ఎందుకు రాయమంటున్నానంటే, రాయకపోతే మీ ఊహనే మీరు రుజువు అనుకుంటారు, నేను పెళ్లి భోజనంలో అనుకున్నట్టు.

చెవికి తోచే అర్థం ఎంత మోసం చేస్తుందో చూడండి.

ఫార్మర్ అంటే మొదట్లో రైతు కాదు. శిస్తు వసూలు చేసుకునే హక్కుని ఇంత సొమ్మని ఒప్పుకుని తీసుకున్నవాడు, మన నిజాం కాలం మాటల్లో ఇజారాదారు. రైతుకి పూర్తిగా అవతలి పక్షం!

కవర్డ్ అని ఒక ఇంటిపేరుంది, పిరికివాడు అన్న మాటకి ఇదే స్పెల్లింగు. పాపం వాళ్లు స్కూల్లో ఎంత ఏడిపించుకుని ఉంటారో. దాని అర్థం ఆవుల కాపరి.

వాకర్ నడిచేవాడే, కానీ రోడ్డు మీద కాదు. నేసిన ఉన్ని గుడ్డని నీళ్ల తొట్లో వేసి కాళ్లతో తొక్కి తొక్కి చిక్కబరిచే పనివాడు. ఈ వాకర్‌ని గుర్తుపెట్టుకోండి, ఆరో మెట్టులో మళ్లీ వస్తాడు.

కింగ్ అని ఉన్నంత మాత్రాన రాజవంశం కాదు. ఊరి నాటకాల్లో రాజు వేషం కట్టినవాడికో, రాజుగారి కొలువులో పనిచేసినవాడికో, రాజులా పోజు కొట్టేవాడికో వచ్చిన పేరు.

4. నిఘంటువులో చూడండి, అర్థం కన్నా ముందు పాత రూపాలు చదవండి

ఇంటిపేర్లకి ఇప్పుడున్నవాటిలో నమ్మదగ్గది 2016లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు నాలుగు సంపుటాలుగా వేసిన బ్రిటన్, ఐర్లండ్ ఇంటిపేర్ల నిఘంటువు, 45 వేలకి పైగా పేర్లున్నాయి. కొనాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు ముందు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డుతో ఆన్‌లైన్‌లో తెరుచుకుంటుందేమో అడగండి, చాలా లైబ్రరీలు ఇలాంటి రిఫరెన్సు పుస్తకాలు సభ్యులకి ఉచితంగా ఇస్తాయి. అక్కడ చుట్టాలో స్నేహితులో ఉంటే ఒక్క పేజీ చదివి చెప్పమనండి, కాదనరు. యూనివర్సిటీలో చదువుతున్నవాళ్లకి కాలేజీ లాగిన్‌తో దొరకొచ్చు. ఇవేవీ లేకపోతే ఫ్యామిలీసెర్చ్ సైట్లో ఇంటిపేరు కొట్టి చూడండి, అది ఉచితం, క్లుప్తంగా అర్థం ఇస్తుంది.

పేజీ దొరగ్గానే అందరూ అర్థం చదివి మూసేస్తారు. అసలు సరుకు దాని కింద, పాత రికార్డుల్లో ఆ పేరు ఎలా రాశారో ఇచ్చిన చోట ఉంటుంది. అక్కడ పేరుకి ముందున్న చిన్న మాటని పట్టుకోండి:

- 'డి' ఉంటే ఫలానా ఊరివాడు.
- 'అట్' లేదా 'అట్టె' ఉంటే ఫలానా చోటి దగ్గర ఉండేవాడు, ఏటి దగ్గర, చెట్టు దగ్గర, అలా.
- 'లె' ఉంటే వృత్తో, ముద్దుపేరో.
- 'ఫిట్జ్' లేదా లాటిన్ 'ఫిలియస్' ఉంటే ఫలానావాడి కొడుకు.

కాటన్ దగ్గరికి రండి. 13వ శతాబ్దంలో నార్విచ్ మఠంలో ఉంటూ ఇంగ్లండు చరిత్ర రాసిన సన్యాసి ఒకాయన ఉన్నాడు, ఆయన పేరు బార్తలోమ్యూ డి కాటన్. 'డి' ఉంది, అంటే ఊరు! వృత్తి అయ్యుంటే 'లె' ఏదో ఉండాలి. నా పత్తి వ్యాపారుల కథ ఈ రెండక్షరాల దగ్గరే కూలిపోయింది.

నిఘంటువూ అదే చెప్తుంది. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె, పాక. 'కాటమ్' అంటే 'గుడిసెల దగ్గర'. ఇప్పుడు మనం కాటేజీ అంటున్నదీ ఆ మూలం నుంచే. పత్తిని చెప్పే కాటన్ వేరే దారిలో వచ్చింది, అరబ్బీలో పుట్టి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి. రెండూ చివరికి ఒకే స్పెల్లింగులో వచ్చి కూర్చున్నాయి, అంతకుమించి చుట్టరికం లేదు. సరదాకి తెలుగు చేయాలంటే, సంకల్పంలో 'కాటనుం తం భగీరథం' అని తలుచుకుంటున్నది ఒక పాకలపాటివారిని అన్నమాట.

జాగ్రత్త: చివర్లో '-టన్' కనబడగానే -టన్ అంటే పల్లె, కాబట్టి ఇది కూడా ఏదో పల్లె అని విడగొట్టేస్తారు కొందరు. కాటన్‌లో ఆ 'టి' గుడిసెకి చెందింది, పల్లెకి కాదు. పేరుని ఎక్కడ విరవాలో పాత రూపం చెప్పాలి, మన కన్ను కాదు.

5. ఊరి పేరైతే, ఏ ఊరు?

ఊరి పేరు అని తేలగానే పని అయిపోయిందనుకోకండి. మనకి కొత్తపల్లులు ఎన్ని ఉన్నాయి? వాళ్లకి గుడిసెల ఊళ్లు అన్ని. కేంబ్రిడ్జ్ పక్కన ఒక కోటన్ ఉంది, స్టాఫర్డ్‌షైర్‌లో, ష్రాప్‌షైర్‌లో ఉన్నాయి, నాటింగమ్‌షైర్‌లో కాటమ్ ఉంది. ఇంకా తమాషా ఏమిటంటే సఫక్‌లో ఉన్న కాటన్ అనే ఊరు గుడిసెల నుంచి కాదు, బహుశా కాడ్డా అనే మనిషి పల్లె అన్న అర్థంలో వచ్చింది. ఇప్పుడు అచ్చం ఒకేలా ఉన్న రెండు ఊళ్లకి రెండు మూలాలు!

ఇలా చేయండి. నాటింగమ్ యూనివర్సిటీవాళ్లు ఇంగ్లండు ఊళ్ల పేర్లకి ఉచిత సైటు ఒకటి పెట్టారు, కీ టు ఇంగ్లిష్ ప్లేస్‌నేమ్స్ అని. అందులో ఊరు కొట్టగానే మూలపదాలు విడగొట్టి చూపిస్తుంది. ఆ తర్వాత ఓపెన్ డోమ్స్‌డే సైటులో అదే ఊరు 1086 నాటి సర్వేలో ఉందో లేదో చూడండి. ఉంటే ఆనాటి స్పెల్లింగు నోటుబుక్కులో ఎక్కించండి.

తర్వాత మీ మనిషి కుటుంబం ఏ కౌంటీదో (మన జిల్లా లాంటిది) దాని చుట్టుపక్కల నలభై యాభై కిలోమీటర్లలో ఆ పేరున్న ఊళ్లు గుర్తించండి. పేరు మొదటిసారి తగిలించుకున్నవాడు సాధారణంగా ఆ ఊరు వదిలి పక్క ఊరికి పోయినవాడే. ఊళ్లోనే ఉంటే అందరూ ఆ ఊరివాళ్లే, ఇంక ఆ పేరు పెట్టి పిలవడమెందుకు? మన ఇంటిపేర్లదీ ఇదే లెక్క.

ఆర్థర్ కాటన్ (1803–1899) కుటుంబం చెషైర్‌లోని కాంబర్‌మియర్ కాటన్లు. ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించినప్పుడు కాంబర్‌మియర్ మఠం ఈ కుటుంబానికి దక్కింది. కాంబర్‌మియర్ ఉన్నది ష్రాప్‌షైర్ సరిహద్దులో, వంశావళి పుస్తకాలు ఈ కుటుంబాన్ని ముడిపెట్టేదీ ష్రాప్‌షైర్ కాటన్‌కే. దూరం కుదిరింది, పేరు కుదిరింది. ఇంత కుదిరితే పెన్సిలు గీత కొంచెం గట్టిగా దిద్దుకోవచ్చు.

6. ఎంతమందికి ఉంది, ఎక్కడెక్కడ ఉంది

పాత లెక్కకి మంచి ఏడాది 1881. ఆ ఏడాది బ్రిటన్ జనాభా లెక్కల పేర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి ఉన్నాయి, ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా వెతకొచ్చు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ల ఇంటిపేర్ల మ్యాపులు తెరుచుకుంటే పని ఇంకా తేలిక, లేకపోతే కౌంటీ వారీగా మీరే లెక్కపెట్టుకోవాలి. కొంచెం విసుగు పనే, కాఫీ పెట్టుకుని కూర్చోండి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. ఎక్కువమంది ఎక్కడున్నారో చూసి అదే పుట్టిల్లు అనేయడం. అలా అయితే ప్రతి ఇంటిపేరూ లండన్‌లోనే పుట్టిందని తేలుతుంది, హైదరాబాద్‌లో అన్ని జిల్లాల ఇంటిపేర్లూ దొరికినట్టు. తలలు కాదు, లక్షకి ఎందరో చూడాలి.

లెక్క చూపించడానికి ఊరికే వేసిన అంకెలతో చెప్తాను. ఒక కౌంటీలో 30 లక్షల జనం, అందులో మీ ఇంటిపేరువాళ్లు 600. ఇంకో కౌంటీలో 3 లక్షల జనం, 240 మంది. మొదటిదాంట్లో లక్షకి 20, రెండోదాంట్లో లక్షకి 80. తలలు తక్కువున్నా రెండోదే పుట్టిల్లు కావడానికి అవకాశం ఎక్కువ.

మ్యాపు ఎంత బాగా మాట్లాడుతుందో చూడాలంటే ఇందాకటి వాకర్‌తో మొదలుపెట్టండి. గుడ్డ తొక్కే పనివాణ్ణి ఉత్తరాన వాకర్ అన్నారు, దక్షిణ తూర్పు ప్రాంతాల్లో ఫుల్లర్ అన్నారు, నైరుతిలో టక్కర్ అన్నారు. మూడు పేర్లూ ఒక్కోటిగా కొట్టి మ్యాపులు పక్కపక్కన పెట్టుకోండి, ఒకే పనికి మూడు మాండలికాలు కళ్ల ముందు కనబడతాయి. నాకైతే ఈ మొత్తం పనిలో ఇష్టమైన భాగం ఇదే. మీ పేరు చూసే ముందు ఈ మూడిటితో చేయి తిప్పుకోండి.

అమెరికా లెక్క కావాలంటే వాళ్ల సెన్సస్ శాఖ ఇచ్చే ఇంటిపేర్ల జాబితా ఉచితం. 2010 జాబితాలో కనీసం 100 మందికి ఉన్న ఇంటిపేర్లు 1,62,253. మొదటి స్థానం స్మిత్‌ది, 24,42,977 మంది. బ్రౌన్ నాలుగోది, 14,37,026. మన సి.పి. బ్రౌన్ పేరు అంత మామూలు పేరన్నమాట, జుట్టు రంగుని బట్టో ఛాయని బట్టో ఇంగ్లండులో వందల చోట్ల విడివిడిగా పుట్టింది. (అదే జాబితాలో పటేల్ మొదటి వందలోకి వచ్చేసింది, అది వేరే కథ.)

మీ పేరు ఆ జాబితాలో లేకపోతే అమెరికాలో ఎవరికీ లేదని కాదు, వందమంది కన్నా తక్కువ ఉన్నారని.

హెచ్చరిక: అమెరికాలో ఇంగ్లీషు ఇంటిపేరు ఉందంటే పూర్వీకులు ఇంగ్లండువాళ్లనుకోకండి. వాషింగ్టన్ అనేది ఇంగ్లండులో డరమ్ దగ్గరి ఊరి పేరు. 2010 లెక్కల్లో ఆ ఇంటిపేరున్నవాళ్లలో నూటికి 85 మందికి పైగా నల్లజాతివాళ్లు. బానిసత్వం నుంచి బయటపడ్డ కుటుంబాలు పెట్టుకున్న, లేదా వాళ్లకి అంటిన పేర్లు ఇవి. పేరు పుట్టుక ఒకటి, పేరు మోస్తున్న కుటుంబం పుట్టుక ఒకటి, రెండిటికీ రెండు పేజీలు పెట్టండి.

7. మీ మనిషిని ఆ పేరుకి కలపడం

ఇది అందరికీ అక్కర్లేదు. కావాలనుకున్నవాళ్లు ఇప్పటి నుంచి వెనక్కి నడవండి, గొప్పవాడి దగ్గర మొదలుపెట్టి ముందుకి రావద్దు. ఇంగ్లండు, వేల్స్‌లో జనన మరణ వివాహాల రిజిస్ట్రేషన్ 1837 జులైలో మొదలైంది, దాని సూచిక ఫ్రీబీఎండీ అనే సైటులో ఉచితం. అంతకు ముందైతే చర్చి రిజిస్టర్లు, అవి 1538 నుంచి. ఒక ఖాళీ గుర్తుపెట్టుకోండి: ఇంగ్లండు, వేల్స్ 1931 జనాభా లెక్కల కాగితాలు 1942లో కాలిపోయాయి, 1941లో లెక్కలే తీయలేదు. ఆ రోజుల్లో వెతికి దొరకలేదని దిగులుపడకండి.

ఆడవాళ్ల దగ్గర తీగ తెగిపోతుంటుంది. కాటన్ దొర కూతురు ఎలిజబెత్ పెళ్లయ్యాక లేడీ హోప్ అయింది, ఆ పేరుతోనే అందరికీ తెలుసు. పెళ్లి రికార్డు దొరికేదాకా పుట్టింటిపేరు బయటపడదు.

లాలాగూడ, బిట్రగుంట, వాల్తేరు లాంటి రైల్వే కాలనీల్లో పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవాళ్లు కూడా కొందరు అడిగారు. మీకు ఇంగ్లండు రికార్డుల కన్నా ముందు మద్రాసు రికార్డులు కావాలి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల వివరాల నకళ్లు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీకి చేరాయి. ఫిబిస్ అనే సంఘం సైటులో వాటి సూచికలు కొన్ని ఉచితంగా వెతకొచ్చు. ఇక మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో జాన్సన్, విలియమ్స్ అని ఉంటే అది చాలాసార్లు మిషనరీ మీద గౌరవంతో పెట్టుకున్న పేరు. దాన్ని పట్టుకుని యార్క్‌షైర్‌లో ముత్తాతని వెతకొద్దు, పేరు పెట్టిన ఏడాది చర్చి రిజిస్టరు చూడండి.

జనం ఎక్కువగా మోసపోయేది ఎక్కడ

అచ్చుగుద్దిన డాలు, సింహం బొమ్మతో 'మీ ఇంటిపేరు రాజముద్ర' అని కప్పులు, ఫ్రేములు అమ్ముతారు. కొనకండి. ఇంగ్లండులో ఆ ముద్రలు ఇచ్చేది కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్, అది ఒక వ్యక్తికి, ఆ వ్యక్తి సంతతికి ఇస్తుంది. ఇంటిపేరుకి ముద్ర అంటూ ఉండదు. సరదాకి గోడకి తగిలించుకుంటానంటే మీ ఇష్టం.

'ఎల్లిస్ ఐలండ్‌లో అధికారులు మా పేరు మార్చేశారు' అన్న కథ అమెరికాలో ప్రతి రెండో ఇంట్లో వినబడుతుంది. అక్కడి గుమాస్తాలు ఓడవాళ్లు ఇచ్చిన జాబితా చూసి సరిచూసుకునేవాళ్లు, కొత్త పేర్లు పెట్టేవాళ్లు కాదు. పేరు మారిందంటే తర్వాతెప్పుడో ఆ కుటుంబమే మార్చుకుని ఉంటుంది.

ఇంకోటి, గొప్పవాళ్లకి ముడిపెట్టుకోవడం. ఇంకో కాటన్ ఉన్నాడు, సర్ రాబర్ట్ కాటన్ (1571–1631), పాత రాతప్రతులు సేకరించినవాడు. పుస్తకాల బీరువాల మీద రోమన్ చక్రవర్తుల బొమ్మలు పెట్టి ఆ పేర్లతోనే పుస్తకాలకి గుర్తులు వేశాడు, ఇంగ్లీషువాళ్ల ఆదికావ్యం బేవుల్ఫ్ మిగిలిన ఒకే ఒక్క ప్రతి విటెల్లియస్ బీరువాలోది. మన కాటన్ దొర ఆయన మునిమనవడని రాసేస్తే ఎంత బాగుంటుంది! కానీ రాబర్ట్ హంటింగ్డన్‌షైర్ కాటన్, మనాయన కాంబర్‌మియర్ కాటన్. గుడిసెల ఊళ్లు అన్ని ఉన్నప్పుడు కాటన్లు కూడా అన్ని చోట్ల పుడతారు.

నెట్‌లో మొదట కనబడే జవాబు, చాట్‌బాట్ చెప్పే జవాబు కూడా ఈ కోవలోకే వస్తాయి. ధీమాగా చెప్తాయి, ఒక్క ఏడాది కానీ ఒక్క పాత రూపం కానీ ఉండదు. పది సైట్లలో ఒకే వాక్యం కనబడితే పది సాక్ష్యాలు కావు, ఒకరిని చూసి ఒకరు కాపీ కొట్టిన ఒకే సాక్ష్యం.

జవాబు సరైందో కాదో చూసుకోవడం

నోటుబుక్కు తెరిచి ఈ నాలుగూ అడగండి.

- మీ దగ్గరున్న అతి పాత రూపం మీరు చెప్తున్న అర్థంతో కుదురుతోందా? ఇప్పటి స్పెల్లింగుతో మాత్రమే కుదిరి పాత రూపంతో కుదరకపోతే ఆ అర్థం కొట్టేయండి.
- ఊరూ, 1881 మ్యాపూ దగ్గర దగ్గరగా ఉన్నాయా? ఊరు ఉత్తరాన, పేరువాళ్లంతా నైరుతిలో ఉంటే ఇంకో ఊరు వెతకాలి.
- ఒకదాన్ని చూసి ఒకటి రాయని రెండు ఆధారాలు ఉన్నాయా?
- సెన్సస్ సూచికలో చూసిన పేరుని, వీలైతే, అసలు పేజీ బొమ్మ తెరిచి చూశారా? చేతిరాత చదివి ఎక్కించినవాళ్లు కూడా మనుషులే, 'టి'ని 'ఎల్' అని చదివేస్తారు, కాటన్ కాస్తా కాల్టన్ అయి కూర్చుంటుంది.

నాలుగిట్లో మూడు కుదిరితే పెన్ను తీసుకోండి. రెండే కుదిరితే పెన్సిలుతోనే వదిలేసి పక్కన తేదీ వేయండి, కొత్త రికార్డులు ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లోకి ఎక్కుతూనే ఉంటాయి, ఆరు నెలలకోసారి మళ్లీ వెతకొచ్చు. నన్ను అడగాలనుకునేవాళ్లు పేరు ఒక్కటే పంపకండి, స్పెల్లింగు అక్షరం అక్షరం విడగొట్టి, ఆ నాలుగు గడుల పేజీ ఫోటో తీసి పంపండి.